అన్‌సీజన్‌లో పాడ్‌కాస్ట్ ఆపాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పెళ్లి మండపాలు, స్టేజీ డెకరేషన్ చేస్తాం. పద్నాలుగు నెలలుగా ప్రతి గురువారం ఒక పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పెడుతున్నాం. ఆషాఢం రాగానే ఆర్డర్లు ఆగిపోయాయి. నెలకు 900 ఉండే డౌన్‌లోడ్‌లు 610కి పడ్డాయి. ఎడిటింగ్‌కు ఎపిసోడ్‌కు 2,000 రూపాయలు, ఆడియో ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచే హోస్టింగ్‌కు నెలకు 1,600 అవుతోంది. రెండు నెలలు ఆపేసి మళ్లీ మొదలుపెడితే నష్టమా?

జవాబు: ముందు ఆ 900, 610 అంకెలను పక్కన పెట్టండి. గురువారాలు ఐదు వచ్చిన నెలకూ నాలుగు వచ్చిన నెలకూ లెక్క ఒకటి కాదు. పైగా నెల మొత్తంలో పాత ఎపిసోడ్ల డౌన్‌లోడ్‌లు కూడా కలుస్తాయి. ఒక్కో ఎపిసోడ్‌కు విడుదలైన మొదటి ఏడు రోజుల్లో ఎన్ని వచ్చాయో చూడండి. గత పన్నెండు ఎపిసోడ్లకు ఆ అంకెను ఒక కాగితం మీద వరుసగా రాయండి. అది పెద్దగా కదలకుండా ఉంటే మీ శ్రోతలు ఎక్కడికీ పోలేదు. తగ్గినవాళ్లు ముహూర్తాల హడావిడిలో వెతుక్కుంటూ వచ్చి పాత ఎపిసోడ్లు తవ్వి వినేవాళ్లు. వాళ్లు శ్రావణంలో మళ్లీ వస్తారు. పోల్చేటప్పుడు కూడా పోయిన నెలతో కాదు, పోయిన ఆషాఢంతో పోల్చాలి. పద్నాలుగు నెలలు నడిచింది కాబట్టి మీ దగ్గర ఆ లెక్క ఉంటుంది.

ఇంకో సంగతి. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన విన్నట్టు కాదు. 2023లో వచ్చిన ఐఓఎస్ 17తో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ఆటోమేటిక్ డౌన్‌లోడ్ పద్ధతిని మార్చినప్పుడు, వినేవాళ్లు తగ్గకపోయినా చాలా షోల లెక్కలు పడిపోయాయి. అసలు వింటున్నారా లేదా అన్నది ఆపిల్ పాడ్‌కాస్ట్స్ కనెక్ట్‌లోనూ, స్పాటిఫై ఫర్ క్రియేటర్స్‌లోనూ ఎపిసోడ్ ఎంతవరకు విన్నారో చూపించే గ్రాఫ్‌లో తెలుస్తుంది. మొదటి మూడు నిమిషాల్లోనే సగం మంది జారిపోతుంటే ఆ జబ్బు ఆషాఢానిది కాదు, మీ ఎపిసోడ్ మొదలుపెట్టే తీరుది. రెండు నెలలు ఆపినా అది నయం కాదు. యూట్యూబ్‌లో కూడా పెడుతుంటే అక్కడి వ్యూస్‌ను ఈ డౌన్‌లోడ్‌లతో కలిపి కూడకండి. రెండూ లెక్కించే పద్ధతులు వేరు.

ఇప్పుడు డబ్బు లెక్క. రెండు నెలలు ఆపితే ఎడిటింగ్‌లో ఎనిమిది ఎపిసోడ్లకు 16,000 మిగులుతుంది. హోస్టింగ్ 3,200 మాత్రం మిగలదు, అది కట్టి తీరాలి (ఎందుకో తర్వాతి జవాబులో ఉంది). 16,000 చిన్న మొత్తం కాదు. కానీ పాడ్‌కాస్ట్ ద్వారా ఎన్ని బేరాలు వచ్చాయో తెలియకుండా అది ఖర్చో పెట్టుబడో తేల్చలేం. ఎంక్వయిరీ పుస్తకంలో ‘ఎలా తెలిసింది’ అని ఒక గడి పెట్టండి. వాట్సాప్ బిజినెస్‌లో ముందే సందేశం రాసి ఉంచిన లింకు తయారు చేసుకోవచ్చు. ‘పాడ్‌కాస్ట్ విని అడుగుతున్నాను’ అన్న మాటతో ఒక లింకు చేసి ప్రతి ఎపిసోడ్ వివరణలో మొదటి వరుసలోనే పెట్టండి. అడుగున పెడితే ఎవరూ అంతదాకా రారు.

అసలు చిక్కు మరొకటి ఉంది. అన్‌సీజన్ మీకు, మీ శ్రోతకు కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు సరే. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఇంట్లో కల్యాణ మండపం, పూలు, లైటింగ్, వంటలు అన్నీ మాట్లాడుకునేది ఈ నెలలోనే కదా. కార్తీకం, మార్గశిరం ముహూర్తాల వాళ్లు కూడా ఇప్పుడే వాకబు మొదలుపెడతారు. ఎవరూ కొనని నెలలో మీ శ్రోతకు తీరిక ఉంటుంది, మీకూ ఉంటుంది. పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న వారాల్లో మీరు రాత్రి రెండింటికి స్టేజీ విప్పుతూ ఉంటారు, పెళ్లివారు వినే స్థితిలో ఉండరు. ఆపాలనుకుంటే ఆ వారాల్లో ఆపండి.

కాబట్టి మా సలహా: మానొద్దు, వారానికి ఒకటి కాకుండా పక్షానికి ఒకటి చేయండి. ఎడిటింగ్ ఖర్చు సగానికి వస్తుంది, అంటే రెండు నెలల్లో 8,000 మిగులుతుంది. ఆ నాలుగు ఎపిసోడ్లూ పెళ్లివారు ఇప్పుడు తేల్చుకోవలసిన విషయాల మీద ఉండాలి. కొటేషన్‌లో ఏమేం రాయించుకోవాలి. మండపం తాళాలు ముందురోజు ఎన్ని గంటలకు ఇస్తారు. బయటి డెకరేషన్ వాళ్లను ఏ హాల్లో రానివ్వరు, రానిస్తే అదనంగా ఎంత కట్టించుకుంటారు. జనరేటర్ మీద స్టేజీ లైట్ల లోడు ఎంత. మీకు కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉంది. వరలక్ష్మీ వ్రతం వారంలో పూల ధర ఎలా ఎక్కుతుందో, ఆ వారంలో పెళ్లి ఉంటే అసలు పూలు ఎక్కడ వాడాలో, ఎక్కడ గుడ్డతో సరిపెట్టవచ్చో ఒక పూర్తి ఎపిసోడ్ చేయవచ్చు. ఇలాంటివి పైఏడాది ఆషాఢంలో కూడా పనికొస్తాయి.

అయినా ఆపాల్సిందే అనుకుంటే పంచాంగం చూసి వ్యవధి పెట్టుకోండి. ‘రెండు నెలలు’ అని గుండుగుత్తగా అనుకోవద్దు. 2023లో శ్రావణం అధికమాసంగా వచ్చింది. ఆషాఢం, అధిక శ్రావణం కలిసి జూన్ 19 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. 2024లో మూఢం వచ్చి మంచి వేసవిలో, మే, జూన్ నెలల్లోనే పెళ్లిళ్లు నిలిచిపోయాయి. ఏ ఏడాదికి ఆ ఏడాది మారే ఖాళీ ఇది. మొదటి ముహూర్తానికి కనీసం ఆరు వారాల ముందు తిరిగి మొదలుకావాలి. ముహూర్తం రోజున మొదలుపెడితే అప్పటికే అడ్వాన్సులు వేరేవాళ్ల చేతిలో పడి ఉంటాయి.

---

ప్రశ్న: హైదరాబాద్ కొంపల్లిలో మాకు ఇంటీరియర్స్ వ్యాపారం ఉంది. వానాకాలం మూడు నెలలు పాడ్‌కాస్ట్ ఆపుతున్నాం. ఎపిసోడ్లే లేనప్పుడు హోస్టింగ్ డబ్బు దండగ కదా, ప్లాన్ రద్దు చేసి తర్వాత మళ్లీ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీ పాడ్‌కాస్ట్ స్పాటిఫైలోనో ఆపిల్‌లోనో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, ఆడియో ఫైళ్లూ, వాటి జాబితా అయిన ఆర్‌ఎస్‌ఎస్ ఫీడూ ఉండేది హోస్టింగ్ కంపెనీ దగ్గర. ప్లాన్ రద్దయితే ఫీడ్ తెరుచుకోదు. కొన్నాళ్లు అలాగే ఉంటే యాప్‌లు మీ షోను జాబితాలోంచి తీసేస్తాయి. మళ్లీ కొత్త ఫీడ్‌తో పెడితే అది వాటి దృష్టిలో కొత్త షో. పాత ఫాలోయర్లు, రేటింగులు దాంతో రావు.

ఖర్చు తగ్గించే దారి లేకపోలేదు. చాలా కంపెనీల్లో కింది ప్లాన్‌కు దిగవచ్చు. దిగేముందు రెండు విషయాలు చూసుకోండి: పాత ఎపిసోడ్లన్నీ ఉంచుతారా, నెలకు ఎన్ని గంటల అప్‌లోడ్ ఇస్తారు. బజ్‌స్ప్రౌట్ అనే హోస్టింగ్ కంపెనీ ఉచిత ప్లాన్‌లో ఎపిసోడ్లు 90 రోజులకే తొలగిపోతాయి. సరిగ్గా మీరు ఆపాలనుకుంటున్న మూడు నెలలూ అంతే. మీరు తిరిగి వచ్చేసరికి దుకాణం ఖాళీగా ఉంటుంది.

వేరే హోస్టింగ్‌కు మారడం రెండో దారి. స్పాటిఫై ఫర్ క్రియేటర్స్‌లో హోస్టింగ్ ఉచితం. క్రమం మాత్రం తప్పకూడదు. మొదట కొత్త చోట పాత ఫీడ్‌ను ఇంపోర్ట్ చేయాలి. ఎపిసోడ్ల సంఖ్య సరిపోయిందో లేదో, మూడు నాలుగు పాతవి మోగుతున్నాయో లేదో చూడాలి. తర్వాత పాత హోస్టింగ్‌లో 301 రీడైరెక్ట్ (పాత ఫీడ్ చిరునామాకు వచ్చిన యాప్‌లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టించాలి, కొత్త ఫీడ్ చిరునామాను ఫీడ్‌లోనే తెలిపే ట్యాగ్‌ను కూడా చేర్చాలి. ఈ రెండింటినీ కనీసం నాలుగు వారాలు ఉంచమని ఆపిల్ చెబుతుంది. ఆ తర్వాతే పాత ఖాతా మూయాలి. రీడైరెక్ట్ పెట్టిన మర్నాడే ఖాతా మూసేయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

కార్డు సంగతి కూడా చూసుకోండి. 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంక్ ఇ-మ్యాండేట్ (కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునేందుకు ఇచ్చే ముందస్తు అనుమతి) నిబంధనల తర్వాత విదేశీ కంపెనీల ఆటో పేమెంట్లు చాలా కార్డుల మీద విఫలమయ్యాయి. ఇప్పటికీ కొన్ని కార్డులతో ఈ ఇబ్బంది ఉంది. వారం వారం లాగిన్ అవుతుంటే పేమెంట్ ఆగిందన్న హెచ్చరిక కంటపడుతుంది. విరామంలో ఎవరూ ఆ ఖాతా తెరవరు, హెచ్చరిక మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది. వీలైతే ఏడాదికి ఒకేసారి కట్టేయండి. లేదా విరామం నెలల్లో ఒకటో తేదీన లాగిన్ అయి చూసే పని ఒకరికి అప్పగించండి.

ఫీడ్‌లో ఉన్న ఈమెయిల్ ఎవరిదో కూడా చూడండి. షో మీదేనని నిరూపించుకోవడానికి స్పాటిఫై కోడ్ పంపేది ఆ చిరునామాకే. అది మానేసిన ఉద్యోగి సొంత మెయిల్ అయితే ఈ ఖాళీలోనే మార్చేయండి.

---

ప్రశ్న: గుంటూరులో ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. నాది తలకిందుల సమస్య. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, ఏప్రిల్‌లో ఖాళీ. ఆ ఖాళీలోనే పది పన్నెండు ఎపిసోడ్లు రికార్డు చేసిపెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సగం సరిపోతుంది. మీ రంగంలో నిల్వ సరుకుకు గడువు తక్కువ. 2025నే తీసుకోండి. ఆడిట్ అవసరం లేనివారి రిటర్నుల గడువు జూలై 31 కాస్తా సెప్టెంబర్ 15కు మారిందని మే నెలాఖరులో ప్రకటన వచ్చింది, చివరికి అది ఇంకో రోజు పెరిగింది. జీఎస్టీలో సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబుల్లోని వస్తువుల్లో ఎక్కువ భాగం 5, 18 శాతాలకు మారాయి. ఏప్రిల్‌లో రికార్డు చేసి ‘జూలై 31లోపు దాఖలు చేయండి’ అన్న ఎపిసోడ్ ఆగస్టులో మోగితే నవ్వులపాలవుతారు. నమ్మి విన్నవాళ్లు ఫోన్ చేసి తిడతారు కూడా.

అందుకని విషయాలను రెండు కుప్పలు చేయండి. తేదీ, రేటు, ఫారం నంబరు లేకుండా చెప్పగలిగినవి ఒక కుప్ప: అద్దె ఆదాయానికి ఏ కాగితాలు దాచాలి, దుకాణం ఖాతాలూ ఇంటి ఖాతాలూ కలిపితే ఎక్కడ చిక్కుపడతారు, నోటీసు వస్తే మొదటి రోజు చేయవలసిన పనులు. ఇవి ఏప్రిల్‌లో రికార్డు చేయండి, ఎనిమిది చాలు. గడువులు, రేట్లు రెండో కుప్ప. వీటిని నిల్వ చేయొద్దు. జూలై తర్వాత పదిహేను రోజులకు ఒకసారి, ఫోన్‌లోనే అయినా సరే, ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టండి. రద్దీ నెలల్లో మీ శ్రోతలు ఎదురుచూసేది ఆ ఐదు నిమిషాల కోసమే. అన్ని వ్యాపారాలకూ చెప్పే ‘రద్దీలో ఆపండి’ అన్న సలహా మీకు పనిచేయదు.

రికార్డింగ్‌లో జాగ్రత్తలు కొన్ని. ఒక్క కూర్చోవడంలో రెండు ఎపిసోడ్లు దాటొద్దు. మూడోదానికి గొంతు కింది స్థాయికి జారుతుంది, వాక్యాల చివరి మాటలు మింగేస్తారు. మధ్యలో అరగంట విరామం, గోరువెచ్చని నీళ్లు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, ప్రతిసారీ అదే దూరం. ఏప్రిల్ ఎండలో ఫ్యాన్, ఏసీ ఆపి కూర్చోవడం కష్టమే. తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటే రోడ్డు చప్పుడు కూడా తక్కువ. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఇరవై సెకన్లు ఊరికే గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిటర్ ఆ నమూనాతోనే హోరు తీసేస్తాడు. ఫైలు చివరి స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండాలని ఎడిటర్‌కు ముందే చెప్పండి. లేకపోతే ఏప్రిల్ ఎపిసోడ్ తర్వాత ఫోన్‌లో చేసిన జూలై ఎపిసోడ్ వినేవాళ్లు ప్రతిసారీ వాల్యూమ్ తిప్పుకోవాలి.

నిల్వ ఎపిసోడ్లలో ‘ఈ వారం’, ‘నిన్ననే’, ‘ఈ ఎండల్లో’ అన్న మాటలు రానివ్వొద్దు. వాటి క్రమం మార్చాల్సి వస్తే ‘పోయిన ఎపిసోడ్‌లో చెప్పుకున్నట్టు’ అన్నది కూడా ఇరికిస్తుంది. ఫైలు పేరులోనే రికార్డు చేసిన తేదీ రాయండి. విడుదలకు ముందురోజు ఎవరో ఒకరు ఒకటిన్నర వేగంతోనైనా పూర్తిగా వినాలి. షెడ్యూల్ పెట్టేసి మరిచిపోతేనే పాత గడువులు బయటకు పోతాయి.

---

ప్రశ్న: డాలస్‌లో తెలుగువారి కోసం ఇళ్ల కొనుగోలు మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. థ్యాంక్స్‌గివింగ్ నుంచి జనవరి దాకా మార్కెట్ నిద్రపోతుంది. ఆపేయనా?

జవాబు: డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా ఆపండి, అంతే. ఆ రెండు వారాలు సగంమంది ఇండియా ప్రయాణాల్లోనో, సెలవుల్లోనో ఉంటారు. మిగతా చలికాలం మీ శ్రోతలకు పని కాలమే. వేసవి బడి సెలవుల్లో ఇల్లు మారాలనుకునేవాళ్లు లోన్ ప్రీ-అప్రూవల్, క్రెడిట్ స్కోర్ సరిచూసుకునేది అప్పుడే. నిరుడు కొన్నవాళ్లకు కూడా పనులున్నాయి. టెక్సస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ జనవరి 31లోపు కట్టాలి, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) దరఖాస్తు ఏప్రిల్ 30లోపు పెట్టుకోవాలి. కొత్తగా కట్టిన ఇంటికి మొదటి ఏడాది తరచూ స్థలం విలువ మీదే పన్ను పడి, రెండో ఏడాది ఎస్క్రో (పన్ను, బీమా కోసం లోన్ కంపెనీ నెలనెలా వసూలు చేసే మొత్తం) ఒక్కసారిగా పెరిగినప్పుడు జనం కంగారుపడతారు. ఈ ఒక్క విషయం మీద జనవరిలో ఎపిసోడ్ చేస్తే వాళ్లే దాన్ని కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారు.

---

ప్రశ్న: వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం మాది. రబీ పనులు ముగిశాక ఆరు వారాలు ఆపాలని నిర్ణయించుకున్నాం. శ్రోతలకు ఎలా చెప్పాలి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఆరు వారాలు ఇబ్బంది లేని వ్యవధి. పన్నెండు దాటితే మాత్రం దాన్ని విరామం అనకుండా ‘సీజన్ ముగిసింది’ అని చెప్పడమే మేలు.

చివరి ఎపిసోడ్ ఆఖరున ఒక మాట చెబితే చాలదు, చాలామంది అంతదాకా వినరు. విడిగా 60 నుంచి 90 సెకన్ల ఆడియో పెట్టండి. అందులో మూడే ఉండాలి: ఎప్పటిదాకా ఆపుతున్నాం, ఏ తేదీన ఏ విషయంతో వస్తాం, ఈలోపు ఏ పాత ఎపిసోడ్ వినాలి. ‘త్వరలో కలుద్దాం’ అనొద్దు. రైతుకు తేదీకన్నా ‘మృగశిర కార్తెకు ముందు గురువారం’ అంటే గుర్తుంటుంది, రెండూ చెప్పండి. దీన్ని అప్‌లోడ్ చేసేటప్పుడు ఎపిసోడ్ రకం ‘బోనస్’ అని పెట్టండి, ఎపిసోడ్ నంబరు ఇవ్వొద్దు. షో వివరణ మొదటి వాక్యంలో కూడా తిరిగి వచ్చే తేదీ రాయండి.

సెట్టింగుల్లో ‘షో పూర్తయింది’ అన్న గడి కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. ఇక ఎప్పటికీ ఎపిసోడ్లు రావని ఆపిల్‌కు చెప్పే గుర్తు అది. విరామానికి ఉద్దేశించింది కాదు.

మధ్యలో, మూడో వారంలో, ఒక పాత ఎపిసోడ్‌ను తిరిగి వేయవచ్చు. పాతదాని తేదీ మాత్రం మార్చితే ఉపయోగం లేదు. దాని గుర్తింపు సంఖ్య అదే కాబట్టి ఇదివరకే విన్నవాళ్ల యాప్‌లకు అది కొత్తగా తోచదు. ముందు నలభై సెకన్లు ‘ఇది ఎందుకు మళ్లీ వేస్తున్నాం, అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది’ అని కొత్తగా చెప్పి, కొత్త ఎపిసోడ్‌గా అప్‌లోడ్ చేయండి. శీర్షికలో ‘పునఃప్రసారం’ అని రాయడం మర్యాద. మందుల మోతాదులు, ధరలు ఉన్న ఎపిసోడ్‌ను ఎంచుకోవద్దు. సిఫార్సులు మారి ఉండొచ్చు, నిషేధించిన మందు పేరు కూడా అందులో ఉండొచ్చు. మట్టి నమూనా తీయడం లాంటిది వేసవికి సరిగ్గా సరిపోతుంది. చేలు ఖాళీగా ఉండేది అప్పుడే.

తిరిగి వచ్చే ముందు మూడు ఎపిసోడ్లు పూర్తిగా తయారై చేతిలో ఉండాలి. ఒక్కటే ఉంటే రెండో వారానికే వానలు పడి, దుకాణం ముందు క్యూ కట్టి, మళ్లీ ఆగిపోతుంది. చెప్పి ఆపినదాన్ని జనం క్షమిస్తారు కానీ, వచ్చి వారంలో మాయమైతే మళ్లీ నమ్మరు. తిరిగి వచ్చే తేదీకి వారం ముందుగా 30 సెకన్ల ట్రైలర్ పెట్టండి. యాప్‌లు ఫీడ్‌ను సరిగ్గా తీసుకుంటున్నాయో లేదో దాంతోనే తేలిపోతుంది. స్పాటిఫైలో కనిపించి ఆపిల్‌లో కనిపించకపోతే సరిచేయడానికి మీకు ఇంకా నాలుగైదు రోజులుంటాయి. మొదటి కొత్త ఎపిసోడ్ బయటకు వచ్చిన రోజునే ఆ పాత విరామం ప్రకటనను ఫీడ్‌లోంచి తీసేయండి, షో వివరణలోని తేదీని కూడా చెరిపేయండి. వదిలేస్తే ఆగస్టులో మీ షో కనిపెట్టిన కొత్త రైతు ఇది ఆగిపోయిందనుకుని వెళ్లిపోతాడు.